మందుకు ముందు పరీక్ష

నాలుకపై తెల్లని పూత, చర్మపు మడతలలో దురద, స్త్రీలకు తెల్లబట్ట - ఇవి కలిగినప్పుడు చెవిటికల్లు వంటి మన మెట్ట గ్రామములలో అనేకులు ఆసుపత్రి గడప తొక్కరు. సిగ్గు కొంత, ఖర్చు కొంత. ఇంటిలోని మగవారు మందుల దుకాణమునకు పోయి, వెనుకటి మందునే అడిగి తెత్తురు. రోగి కోరినదీ పాలే, వైద్యుడు ఇచ్చినదీ పాలే అన్న సామెతలో వైద్యుడైనా ఉన్నాడు. ఇక్కడ అతడును లేడు.

ఈ అలవాటు మానవలెనని మా అభిప్రాయము. తెల్లబట్ట అంతయు ఈస్టు వలన రాదు. బాక్టీరియా వలనను రావచ్చును. అప్పుడు శిలీంధ్రములను చంపు మందు వ్యర్థము. ఈస్టు అయినను అన్నియు ఒక్క జాతి కాదు. కాండిడా ఆల్బికాన్స్ సాధారణముగా ఫ్లూకోనజోలుకు లొంగును. కాండిడా క్రూసీ స్వభావరీత్యా లొంగదు. 2009లో జపానులో గుర్తింపబడిన కాండిడా ఆరిస్ అనేక మందులను ఎదిరించుచున్నది.

పరీక్ష విధానము సులభగ్రాహ్యమే. చిన్న గుంటలు గల పలకలో మందును వరుసగా సగము సగముగా పలుచన చేసి, రోగినుండి తీసిన ఈస్టును అందు వేసి, 35 డిగ్రీల వేడిమిలో 24 గంటలు ఉంచుదురు. ఏ మోతాదున పెరుగుదల అణగినదో చూచి మందును నిర్ణయింతురు. ప్రతి నోటిపూతకును ఇది అక్కరలేదు. వ్యాధి తిరుగబెట్టినప్పుడు, మందుకు లొంగనప్పుడు, రక్తమున ప్రవేశించినప్పుడు మాత్రము తప్పదు.

అసలు ఈ మందులు పుట్టినదే పరీక్షలనుండి. అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను ఇద్దరు మహిళలు మట్టిలోని సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా కాండిడాపై పరీక్షించి, 1950లో నిస్టాటిన్‌ను లోకమునకు ప్రకటించిరి. దానివలన వచ్చిన రాబడిని తాము ముట్టక విజ్ఞాన పరిశోధనకే ధారపోసిరి. స్త్రీలు సిగ్గుచే దాచుకొను వ్యాధికి మందును కనుగొన్నది స్త్రీలే యని మన విద్యార్థినులు గుర్తింతురు గాక.

కళాశాల సంఘమువారికి మా మనవి ఒక్కటే. రోగకారక ఈస్టు మన ప్రయోగశాలకు తగదు. రొట్టెల ఈస్టును పళ్ళెములో పెంచి, దానిపై నిస్టాటిన్ బిళ్ళ నుంచి, చుట్టును ఏర్పడు ఖాళీ వలయమును పిల్లలకు చూపుట సాధ్యమే. ఆ వలయమును కన్నులారా చూచిన విద్యార్థి, ఇంటిలో తల్లికి మందు తేబోవునపుడు దుకాణమునకు కాక ముందు వైద్యుని వద్దకు పోవునని మా నమ్మకము.