తాళం స్క్రిప్టుకి, చెవి మనిషికి

మన హాస్టల్లో ఏ వింగ్‌కి వెళ్ళినా ఒక బ్యాచ్ ఫైల్ దొరుకుతుంది. ఎవరు రాశారో తెలీదు, ఏ సీనియర్ పెన్‌డ్రైవ్‌లోంచి దిగిందో తెలీదు. విండోస్‌లో అక్కర్లేని చెత్త తీసేస్తుందని ఒకడంటాడు, గేమ్ స్పీడ్ పెరుగుతుందని ఇంకొకడు. "రైట్ క్లిక్ కొట్టి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చెయ్ మామా, అంతే." వాడే విధానం మొత్తం ఇదే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే చాలాసార్లు అవే మూడు కమాండ్లు: టేక్‌ఓన్, ఐక్యాకల్స్, కాపీ. మొదటిది ఫైలు యాజమాన్యాన్ని లాక్కుంటుంది. రెండోది దాని మీద రాసే హక్కు ఇప్పిస్తుంది. మూడోది పాత ఫైలు మీద కొత్తది పడేస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. సిస్టమ్ ఫైళ్ళని మార్చే హక్కు మెషీన్ యజమానికి ఉండి తీరాలి. కానీ ఆ పని ఒక స్క్రిప్టు చేతుల మీదుగా, మనం పక్కన టీ తాగుతుండగా జరిగిపోకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరవని క్లబ్బులో కొందరు గట్టిగా వాదించారు. కుదురుతాయి.

అసలు ఈ తాళం ఎందుకొచ్చిందో చూడండి. విండోస్ 98 రోజుల్లో ఏ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినా అది తనకి కావలసిన డీఎల్ఎల్ ఫైలుని తీసుకెళ్ళి సిస్టమ్ ఫోల్డర్‌లో పడేసేది. అక్కడ అంతకంటే కొత్త వెర్షన్ ఉందా, దాన్ని ఇంకెవరైనా వాడుతున్నారా అన్న ఆలోచన చాలా ఇన్‌స్టాలర్లకి ఉండేది కాదు. దాంతో కొత్త ప్రోగ్రామ్ పెడితే పాతది చచ్చేది. దీనికి డీఎల్ఎల్ నరకం అని పేరు కూడా పెట్టారు. 2000లో వచ్చిన విండోస్ 2000 దీనికో కాపలా పెట్టింది. పేరు విండోస్ ఫైల్ ప్రొటెక్షన్. రక్షణ ఉన్న ఫైలుని ఎవరైనా మారిస్తే అది గమనించి, కొత్త ఫైలు సంతకం సరిచూసి, తేడా ఉంటే డీఎల్ఎల్‌క్యాష్ అనే ఫోల్డర్‌లో దాచుకున్న అసలు కాపీని తెచ్చి మళ్ళీ అక్కడ పెట్టేది. అక్కడ కాపీ లేకపోతే సీడీ పెట్టమని అడిగేది.

మనవాళ్ళు ఊరుకుంటారా? ముందు డీఎల్ఎల్‌క్యాష్‌లోని కాపీని మార్చి, తర్వాత సిస్టమ్32లోది మార్చి, సీడీ అడిగినప్పుడు క్యాన్సిల్ కొట్టడం నేర్చుకున్నారు. ఎక్స్‌పీలో థీమ్‌లు మార్చడానికి యూఎక్స్‌థీమ్ ఫైలుని ప్యాచ్ చేసిన తరం అదే. విస్టాతో కాపలా పద్ధతి మారింది. మార్చాక వెనక్కి తేవడం కాదు, అసలు మార్చనివ్వకపోవడం. ఆ ఫైళ్ళ యజమాని ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే సర్వీసు. అడ్మినిస్ట్రేటర్‌కి చదివే హక్కే తప్ప రాసే హక్కు లేదు. అయితే ఒక లొసుగు ఉంది. యాజమాన్యం లాక్కునే హక్కు మాత్రం అడ్మినిస్ట్రేటర్ దగ్గరే ఉంది. మన బ్యాచ్ ఫైల్ మొదటి లైను చేసే పని అదే.

తాళం తీయాల్సిన అవసరమే రాదని అనడం లేదు. మన భాషతోనే ఉదాహరణ చెప్తా. తెలుగు ఒత్తులు, గుణింతాలు తెర మీద సరిగ్గా కూర్చోవాలంటే ఫాంట్ ఒక్కటే చాలదు. విండోస్‌లో ఆ పని అప్పట్లో యూనిస్క్రైబ్ చేసేది, అంటే యూఎస్‌పీ10 అనే డీఎల్ఎల్. పాత వెర్షన్ ఉంటే అక్షరాలు విడివిడిగా చెల్లాచెదురుగా పడేవి. కొత్త వెర్షన్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో పాటు వేరే ఫోల్డర్‌లో వచ్చేది. దాన్ని తీసి సిస్టమ్32లోకి చేర్చడం అప్పట్లో భారతీయ భాషల కోసం చెలామణీలో ఉన్న చిట్కా. రక్షణ ఉన్న ఫైలే, మార్చింది తన భాష చదువుకోవడానికే. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు.

2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరం ఐఫోన్లని కుప్పకూల్చింది. మెసేజ్‌లో ఆ అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, ఆ యాప్ మళ్ళీ తెరుచుకునేది కాదు. (జ్ఞానం ఎక్కువైతే కష్టమని అప్పుడు వేసిన జోకులు ఇంకా మర్చిపోలేదు.) లోపం అక్షరాలని గీసే సిస్టమ్ లైబ్రరీలో ఉంది. ఐఫోన్‌లో ఆ ఫైలుని యజమాని ముట్టుకోలేడు కాబట్టి ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా ఆగడం తప్ప దారి లేదు. కొద్దిరోజుల్లోనే వచ్చింది, నిజమే. రాకపోయి ఉంటే? మన అక్షరం ఎప్పుడు బాగుపడాలో ఇంకొకరి క్యాలెండర్ చెప్పడం నాకు నచ్చదు.

అయినా స్క్రిప్టు వద్దంటున్నా. ఎందుకో చెప్తా.

బ్యాచ్ ఫైల్లో ఒక లైను విఫలమైతే తర్వాతి లైను ఆగదు, మనం ప్రత్యేకంగా ఆపమని రాస్తే తప్ప. ఫోల్డర్‌లోకి వెళ్ళమన్న కమాండ్ పనిచేయలేదనుకోండి, దాని కింద ఉన్న డిలీట్ ఎక్కడుంటే అక్కడే పనిచేస్తుంది. పాతది తీసేశాక కొత్తది కాపీ అవ్వకపోతే ఆ చోటు ఖాళీ. ఇంకో తమాషా ఉంది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్ళు, సిస్‌వావ్64లో ఉండేవి 32 బిట్ ఫైళ్ళు. పేరు పెట్టినవాడికి దండం. పైగా 32 బిట్ ప్రోగ్రామ్‌లోంచి నడిచే స్క్రిప్టు సిస్టమ్32 అని అడిగితే విండోస్ చడీచప్పుడు లేకుండా దాన్ని రెండోదానికి పంపిస్తుంది. స్క్రిప్టు అంతా సవ్యంగా జరిగిందని చెప్తుంది. జరిగింది వేరే ఇంట్లో.

చేత్తో చేసేవాడు ఇలాంటి చోట ఆగుతాడు. ఎర్రర్ చూస్తాడు, వెర్షన్ నంబర్ చూస్తాడు, భయపడతాడు. స్క్రిప్టుకి భయం ఉండదు.

పోయిన సెమిస్టర్‌లో మా వింగ్‌లో ఒకడి ల్యాప్‌టాప్ ప్రాజెక్ట్ రివ్యూకి నాలుగు రోజుల ముందు బూట్ అవ్వడం మానేసింది. వాడు నడిపిన స్క్రిప్టులోని డీఎల్ఎల్ వేరే విండోస్ బిల్డ్‌ది. రికవరీలోకి వెళ్తే బిట్‌లాకర్ కీ అడిగింది. నలభై ఎనిమిది అంకెలు. ఆ కీ ఏ అకౌంట్‌లో ఉందో దాని పాస్‌వర్డ్ వాడికి గుర్తులేదు. టీమ్‌లో నలుగురూ రాత్రంతా రిపోర్ట్ మళ్ళీ టైప్ చేశారు. మిగతా ముగ్గురు ఆ స్క్రిప్టు పేరు కూడా వినలేదు.

మరి దారేంటి? నాకు నచ్చినవి రెండున్నాయి. 2015లో ఎల్ క్యాపిటన్‌తో మ్యాక్‌లో సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ వచ్చింది. రూట్ యూజర్ కూడా సిస్టమ్ ఫోల్డర్లలో రాయలేడు. కానీ తాళం తీయడం అసాధ్యం కాదు. మెషీన్ ఆపి, రికవరీ మోడ్‌లోకి బూట్ చేసి, అక్కడ టెర్మినల్‌లో కమాండ్ కొట్టాలి. అంటే కుర్చీలో మనిషి ఉండాలి. నడుస్తున్న సిస్టమ్‌లోంచి ఏ స్క్రిప్టూ ఆ పని చేయలేదు. రెండోది డెబియన్‌లోని డీపీకేజీ-డైవర్ట్. ఈ ఫైలు స్థానంలో నాది పెట్టుకుంటున్నా, ప్యాకేజీది పక్కన ఇంకో పేరుతో పెట్టు అని సిస్టమ్‌కే చెప్పి రాయించుకోవడం. రేపు అప్‌డేట్ వచ్చినా మన ఫైలు చెరిగిపోదు, వెనక్కి వెళ్ళాలంటే రికార్డు ఉంటుంది. దొంగతనంగా మార్చడానికీ రిజిస్టర్‌లో సంతకం పెట్టి మార్చడానికీ ఉన్న తేడా ఇది. విండోస్‌లో ఇలాంటి మర్యాదస్తుల దారి లేకపోవడమే మన బ్యాచ్ ఫైళ్ళకి సగం కారణం.

"నేర్చుకునేదెలా మరి, చెడగొట్టకుండా?" అని ఒక జూనియర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. చెడగొట్టాల్సిందే, కాకపోతే వర్చువల్ మెషీన్‌లో. ముందు స్నాప్‌షాట్ తీసుకుని, తర్వాత ఏ డీఎల్ఎల్ కావాలంటే అది పీకి చూడొచ్చు. మన ల్యాబ్ మూలన మానిటర్లు లేకుండా దుమ్ము పట్టిన పాత సీపీయూలు కొన్ని ఉన్నాయి. వాటిల్లో రెండు క్లబ్బుకి ఇమ్మని ఒక దరఖాస్తు రాశాను. నెట్‌వర్క్ కనెక్షన్ వద్దని అందులోనే రాశాను. సంతకాలు ఇప్పటికి పదకొండు. రెండో ఫ్లోర్ నోటీసు బోర్డు పక్కన పెన్నుతో సహా వేలాడుతోంది.