తుగ్గలి రాయికి తూకం వేసేదెవరు?

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర మండలాల్లో, అనంతపురం జిల్లా వజ్రకరూరులో విత్తనాల కంటే ముందు చేలోకి దిగేది వజ్రాల కోసం వచ్చిన జనం. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి దారుల్లో మోటారు సైకిళ్లు బారులు తీరతాయి. ప్రకాశం నుంచీ బళ్లారి నుంచీ తెలంగాణ నుంచీ కుటుంబాలకు కుటుంబాలే సద్దిమూటలతో వచ్చి గుడి అరుగుల మీద, చెట్ల కింద రాత్రుళ్లు గడుపుతాయి. తెల్లారగానే తల వంచుకుని నడక మొదలు. మెరిసిన ప్రతిదాన్నీ ఎత్తి చూస్తారు. దాదాపు అన్నీ పలుగురాళ్లే. విత్తనం వేసిన చేను తొక్కిపోతోందని రైతులు కంచెలు వేసినా, బోర్డులు పెట్టినా రాక తగ్గదు.

ఇదంతా వట్టి పిచ్చి అని కొట్టిపారేయడానికి లేదు. భూమి లోపల నూట యాభై కిలోమీటర్ల లోతున తయారైన వజ్రాలను పైకి మోసుకొచ్చే కింబర్లైట్ శిల వజ్రకరూరు పరిసరాల్లో గొట్టాల్లా నిలువుగా పాతుకుని ఉంది. వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ ఆ శిల పైభాగం అరిగిపోయి, అందులోని గట్టి రాళ్లు చుట్టుపక్కల మట్టిలో చెల్లాచెదురయ్యాయి. తొలి వాన పైమట్టిని కడిగేసరికి అవి బయటపడతాయి. పైరు ఎదిగితే మళ్లీ కనపడవు. అందుకే ఆ తొందర.

రాయి దొరకడం అదృష్టం. దాని ధర కట్టే పద్ధతి మాత్రం అదృష్టానికి వదిలేయాల్సింది కాదు.

ఏటా పత్రికల్లో ఒకే మూసలో వార్త వస్తుంది: ఫలానా ఊళ్లో కూలీకి వజ్రం దొరికింది, వ్యాపారి ఇన్ని లక్షలూ ఇన్ని తులాల బంగారమూ ఇచ్చి కొన్నాడు, బయట దాని విలువ ఇంకా ఎక్కువట. 2021లో చిన్న జొన్నగిరి రైతుకు ముప్పై క్యారెట్ల రాయి దొరికిందనీ, కోటీ ఇరవై లక్షలకు అమ్మాడనీ వార్త వచ్చింది. ఆ ధర సరైనదా అంటే చెప్పగలిగేవాడు కొన్న వ్యాపారి ఒక్కడే. రంగు, జాతి, బరువు అని లెక్కలు చెప్పేది అతనే. తక్కెడ అతనిది, భూతద్దం అతనిది, రొక్కమూ అతనిదే. అలాగని అతన్ని దొంగను చేయనక్కర్లేదు. లోపల పగులుందో లేదో సాన పట్టేదాకా పూర్తిగా తేలని సరుకు మీద అతను లక్షలు పెడుతున్నాడు. చిక్కల్లా ఒక్కటే: అమ్మేవాడికి ఇంకొకరిని అడిగే వీలు లేదు. నలుగురికీ తెలిస్తే రెవెన్యూవాళ్లో పోలీసులో వస్తారన్న భయం అతన్ని ఆ రాత్రికే బేరం తెంచుకునేలా చేస్తుంది.

ఈ భయానికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1618–22 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లిష్ వర్తకుడు విలియం మెథ్వోల్డ్ గోల్కొండ రాజ్యపు గనిని చూసి, పది క్యారెట్లు మించిన రాళ్లు రాజుకే చెందాలన్న నియమం గురించి రాశాడు. పెద్ద రాయి దొరికితే లాభం లేదంటే పనివాడు ఏం చేస్తాడు? దాస్తాడు. కృష్ణా తీరపు గనుల్లో దొరికిన 410 క్యారెట్ల రాయిని ఒక బానిస పిక్కకు గాయం చేసుకుని, ఆ కట్టులో దాచి పారిపోయాడనీ, అతన్ని ఓడ కెప్టెన్ చంపేశాడనీ కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా ఆ తర్వాతి బేరాలు రికార్డులో ఉన్నాయి. మద్రాసు గవర్నర్ థామస్ పిట్ 1702లో ఆ రాయిని 48,000 పగోడాలకు, అంటే సుమారు 20,400 పౌండ్లకు కొన్నాడు. సాన పట్టించి 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. రీజెంట్ పేరుతో అది ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాన్ని తవ్వి తీసినవాడి పేరు ఎక్కడా లేదు.

పన్నాలో లెక్క వేరు. మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో సర్కారు ఎనిమిది మీటర్ల చదరపు ముక్కలను నామమాత్రపు రుసుముకు మామూలు జనానికి లీజుకిస్తుంది. దొరికిన రాయిని వజ్రాల కార్యాలయంలో అప్పగించాలి. అక్కడ తూకం, రసీదు, ఆ తర్వాత బహిరంగ వేలం. రాయల్టీ, పన్నులు పోను మిగిలింది లీజుదారుదే. 2018లో ఒక కూలీకి దొరికిన 42 క్యారెట్ల పైచిలుకు రాయి వేలంలో రెండున్నర కోట్లు దాటింది. అమెరికాలోని ఆర్కన్సాస్ ఇంకో అడుగు ముందుకేసింది. 1972లో వజ్రాల నేలను ప్రభుత్వ పార్కు చేసింది. టికెట్ కొని లోపలికి వెళ్లి వెతుక్కోవచ్చు, దొరికింది పూర్తిగా వెతికినవారిదే. రాయి ఏమిటో అక్కడి సిబ్బందే ఉచితంగా చూసి చెబుతారు.

పన్నా పద్ధతి గంగాజలమేమీ కాదు. వేలం ఆలస్యమవుతుంది, డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది, ఓపిక లేనివాళ్లు చాటుగా అమ్ముకోవడం అక్కడా ఉంది. కాబట్టి ఆంధ్రప్రదేశ్ దాన్ని యథాతథంగా దించుకోనక్కర్లేదు. సీజన్ మూడు నెలలూ తుగ్గలిలో ఒక కౌంటరు, ప్రభుత్వ తక్కెడ, రత్నాలు తెలిసిన నిపుణుడు, రాయి అప్పగించిన రోజే అంచనాలో సగం అడ్వాన్సు, నెల తిరక్కుండా వేలం. ఇంత చేస్తే రాయి చాటుకు పోవాల్సిన అవసరం చాలా మటుకు తగ్గుతుంది. చేను రైతుది, కష్టం కూలీది అయినప్పుడు ఎవరికెంత అన్నది ముందే రాసి పెట్టాలి. ఇప్పుడు చేతిలో రాయి ఉన్నవాడిదే న్యాయం.

సర్కారుకు ఆదాయం అన్నది చిన్న మాట. పెద్ద మాట కాగితం. 2003 నుంచి నడుస్తున్న కింబర్లీ విధానం ప్రకారం ముడి వజ్రం దేశ సరిహద్దు దాటాలంటే ధ్రువపత్రం ఉండాలి. సాన పట్టిన రాయికి అది అక్కర్లేదు. కాగితం లేని తుగ్గలి రాయిని ముడిగా దాచుకునేకంటే త్వరగా సాన పట్టించేయడమే కొన్నవాడికి మేలు. సానతో పాటే అది ఎక్కడ పుట్టిందన్న ఆనవాలూ అరిగిపోతుంది. అవతల అంతర్జాతీయ వేలాల్లో గోల్కొండ అన్న పేరుకే డబ్బు. 2013లో న్యూయార్క్‌లో 34.65 క్యారెట్ల గులాబీ రంగు గోల్కొండ వజ్రం 3.93 కోట్ల డాలర్లు పలికింది. సీమ చేలల్లో దొరికేవన్నీ ఆ స్థాయివి కావు, నిజమే. అయినా సేకర్తలు పుట్టుకకు విలువ కడతారు. జొన్నగిరిలో ఫలానా సర్వే నంబరులో, ఫలానా తేదీన దొరికిందని సర్కారు ముద్రతో పత్రం ఉంటే ముడిరాయి ముడిరాయిగానే అమ్ముడుపోయే దారి తెరుచుకుంటుంది. ఆ పత్రంలో దొరికించుకున్నవారి పేరు కూడా రాయాలి, వాళ్లు ఒప్పుకుంటేనే. కోటి రూపాయలు వచ్చాయని ఊరంతా తెలియడం అందరికీ ఇష్టం ఉండదు మరి.