గోళ్ళ కింది మసి

మొన్న హైదరాబాదులో రచయిత్రుల సమావేశంలో, భోజనాల దగ్గర ఒక మిత్రురాలు నా చేతివేళ్ళకేసి చూసి "అవేం గోళ్ళు, మసి పట్టినట్టున్నాయి?" అంది. ముందురోజు బండి కార్బొరేటర్ విప్పి కడిగానని చెప్పాను. ఏ బండి అంటే ఆరెక్స్ 100 అన్నాను. ఆమె నవ్వుతూనే మూడు ప్రశ్నలు వేసింది. అది మగపిల్లల పొగరుకు గుర్తయిన బండి కదా, దాన్ని బాగుచేసుకోవడంలో స్త్రీవాదం ఏముంది? మెకానిక్కుకు ఇచ్చేస్తే పోయేదానికి నీకెందుకు? ఇంటి చాకిరీ చాలకనా ఇదొకటి నెత్తినేసుకున్నావు? చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరుగు ప్రయాణంలో బస్సు సిద్దిపేట దాటాక కూడా ఆ నవ్వు నన్ను వదల్లేదు. అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ చెప్తున్నాను.

ముందు బండి సంగతి. ఆరెక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. యమహా, ఎస్కార్ట్స్ కలిసి తెచ్చిన 98 సీసీల టూ స్ట్రోక్ బండి. బరువు వంద కిలోల చుట్టూ, శక్తి పదకొండు గుర్రాలు. ఆ రోజుల్లో మా కరీంనగర్ కుర్రకారుకు స్పోర్ట్స్ బైకు అంటే అదే. నా దగ్గరున్నది 1994 నాటిది. మా తమ్ముడు సెకండ్ హ్యాండులో కొని, 2004లో గల్ఫ్ పోతూ జగిత్యాల దగ్గర మా అమ్మ ఇంటి కొట్టంలో పెట్టిపోయాడు. ఏళ్ళు గడిచాయి. నాకు ఆదిలాబాదు కాలేజీకి బదిలీ అయినప్పుడు, పాత ఇనుము కింద అమ్మేద్దామన్న మాట ఇంట్లో వచ్చింది. నేను నడుపుకుంటానని తీసుకుపోయాను.

ఆదిలాబాదు చలి అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. డిసెంబరు పొద్దున చోక్ ఎత్తి ముప్ఫైసార్లు కిక్కు కొట్టినా బండి పలకలేదు. తోసుకుంటూ ఒక షాపుకు తీసుకుపోతే, అక్కడి మెకానిక్కు నా మొహం చూడకుండానే "సారును పంపుండ్రి మేడం, మీకు చెప్తె సమజ్ గాదు" అన్నాడు. సారు లేడు. నేనొక్కదాన్నే ఉంటాను. ఆ మాట అతనికి చెప్పబుద్ధి కాలేదు. మూడు రోజులు ఉంచుకొని కార్బొరేటర్ మొత్తం మార్చాలన్నాడు, మార్చాడు. పదిరోజులు తిరక్కుండా మళ్ళీ అదే జబ్బు. నా కోపం పోయిన డబ్బు గురించి కాదు. ఏమైందని అడిగితే, తెలుసుకునే తెలివి నీకు లేదన్న జవాబు రావడం గురించి. పాఠం చెప్పి బతికేదాన్ని. నేర్పడానికి నిరాకరించడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు.

సంక్రాంతి సెలవులకు బండిని డీసీఎం వ్యానులో వేయించి ఊరికి తెచ్చాను. రోడ్డుపక్క చిన్న రిపేరు షాపు. మెకానిక్కు సామాను కోసం కరీంనగర్ పోయాడు. అతని భార్య కూచొని గాసునూనెలో ఏవో పుర్జాలు కడుగుతోంది. నా గోడు విని, లేవకుండానే అడిగింది: "ముందుగాల ప్లగ్గు ఊడదీసి సూసినవా అక్కా? తడిగున్నదా, పొడిగున్నదా?"

అంతవరకు నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాకు దాని అర్థమూ తెలియదు. ఆ చెల్లె చెప్పింది. ఇంజను నడవాలంటే మూడే కావాలి: పెట్రోలు, నిప్పురవ్వ, లోపలి ఒత్తిడి. కిక్కు కొట్టాక ప్లగ్గు పొడిగా ఉందంటే పెట్రోలు లోపలికి చేరలేదు. ట్యాంకు నుంచి ట్యాపు, గొట్టం, కార్బొరేటర్ గిన్నె, జెట్లు వరుసగా చూసుకుంటూ రావాలి. తడిగా ఉందంటే పెట్రోలు వచ్చింది, నిప్పు సంగతి చూడాలి. ప్లగ్గును దాని టోపీకి తగిలించి, సిలిండర్ రెక్కలకు ఆనించి కిక్కు కొడితే నీలం రవ్వ ఎగరాలి. రెండూ బాగుండి కూడా బండి కదలకుండా, కిక్కు కాలికింద మరీ తేలిగ్గా దిగిపోతుంటే రింగులు అరిగాయని అనుమానించాలి.

నా ప్లగ్గు పొడిగా ఉంది. కార్బొరేటర్ విప్పితే పైలట్ జెట్ పూడిపోయి ఉంది. సూదిమొన పట్టనంత సన్నని రంధ్రంలో ఎర్రటి నలుసు. ఏళ్ళ తరబడి కొట్టంలో ఉన్న ట్యాంకు లోపల తుప్పు పట్టింది. ఆ షాపతను కార్బొరేటర్ మార్చాడు గానీ ట్యాంకు మూత తీసి చూడలేదు. కొత్త దాంట్లోకీ అదే తుప్పు దిగింది. ఆ చెల్లె, నేనూ ట్యాంకులో గుప్పెడు సన్న కంకర, గాసునూనె పోసి చేతులు పడిపోయేదాకా ఊపాం. ఎర్రనీళ్ళు తేటబడేదాకా కడిగాం. జెట్టును వైరు పోగుతో పొడవబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఇత్తడి మెత్తన, గీతపడి రంధ్రం పెద్దదైతే ఇక ఆ బండి ఎప్పటికీ సరిగ్గా నడవదు, గాలితో ఊదాలంతే. సాయంత్రానికి బండి రెండో కిక్కుకు లేచింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. అది మగ బండి అట. 2018లో ఆ బండి పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది. అందులో బండి నాయకుడిది, మోసం నాయికది. నిజమే, ఆ యంత్రం చుట్టూ మగతనపు కథలు చాలా అల్లారు. అయితే వాటిని అల్లినవాళ్ళకే యంత్రాన్ని కూడా వదిలేయాలా? మనం భాషను అలా వదల్లేదు. తిట్లన్నీ స్త్రీల మీదే ఉన్న భాషలోనే మనం రాస్తున్నాం. సాహిత్యాన్ని వదల్లేదు, చరిత్రను వదల్లేదు. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్ళకు, సాయుధ పోరాటంలో కొత్త పనులు నేర్చిన స్త్రీలు పోరాటం ముగిశాక ఏ గుమ్మంలోకి తిరిగి వెళ్ళాల్సి వచ్చిందో గుర్తుండే ఉంటుంది. అవసరానికి నేర్పడం, అవసరం తీరాక లాక్కోవడం మనకు కొత్త కాదు.

చట్టమే చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, నడుస్తున్న యంత్ర భాగాలను తుడవడం, నూనె వేయడం, సరిచేయడం స్త్రీలకూ పిల్లలకూ అప్పగించకూడదంది. 27వ సెక్షన్, పత్తి ప్రెస్సింగు ఫ్యాక్టరీలో ఓపెనర్ నడిచే చోట స్త్రీలనూ పిల్లలనూ పనిలో పెట్టకూడదంది. మధ్య గోడ కడితే పత్తి అందించే వైపు స్త్రీలు పనిచేయవచ్చని ఒక సడలింపు ఇచ్చింది. ఆదిలాబాదు పత్తి మార్కెట్టు చూసినవాళ్ళకు ఈ సెక్షన్ దూరపు మాట కాదు. చేలో పత్తి ఏరేది ఆడవాళ్ళే. మిల్లులో యంత్రం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళూ పిల్లలూ ఒకే గాటన కట్టబడ్డారు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు బావుల చుట్టూ తరాలు గడిచాక, 2019 జనవరిలో గానీ కేంద్రం దానికి మినహాయింపు ఇవ్వలేదు. బ్రిటిష్ ఇండియాలో మాత్రం యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చినప్పుడు, 1943లో స్త్రీలను మళ్ళీ బావుల్లోకి దింపారు. 1946లో తిరిగి బయటికి పంపారు. ఆ మూడేళ్ళు స్త్రీ శరీరం ఎలా గట్టిపడిందో ఎవరూ చెప్పలేదు.

ఇదంతా రక్షణ కోసమే కదా అంటారు. యంత్రం వేళ్ళు తెంపేటప్పుడు ఆడా మగా చూడదు. కంచె వేయవలసింది యంత్రానికి. కంచె స్త్రీ చుట్టూ వేశారు. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2020లో పార్లమెంటు కొత్త కోడ్ చేసింది. కానీ డెబ్బై ఏళ్ళు చట్టం చెప్పిన మాట షాపులో మెకానిక్కు నోట "సమజ్ గాదు" అన్న రూపంలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

రెండో ప్రశ్న నన్ను ఎక్కువ బాధపెట్టింది. "మెకానిక్కుకు ఇచ్చేస్తే పోదా" అనడంలో మన వర్గం, మన కులం మాట్లాడుతున్నాయి. చేతికి మసి అంటే పని మనది కాదని మనకు చిన్నప్పుడే నేర్పారు. కంచ ఐలయ్య 1996లో 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ'లో ఉత్పత్తి కులాల శ్రమలోనే జ్ఞానం ఉందని వాదిస్తే మనం చర్చలు పెట్టుకున్నాం, సెమినార్లలో పేపర్లు చదివాం. ఆ జ్ఞానం దగ్గర శిష్యరికం చేయడానికి మాత్రం మనకు తీరిక లేదు. మెకానిక్కు పొట్ట కొడుతున్నానన్న వాదన కూడా విన్నాను. బోరింగుకు, వెల్డింగుకు నేను ఇప్పటికీ షాపుకే పోతాను. కాకపోతే ఇప్పుడు ఏం చేస్తున్నాడో అడుగుతాను, పాత పుర్జా తిరిగి ఇమ్మంటాను, మంచి పనికి మంచి డబ్బు ఇస్తాను. తెలియని మనిషికి పనివాడి నేర్పు విలువ కూడా తెలియదు.

ఆ చెల్లె సంగతే తీసుకోండి. పదిహేనేళ్ళుగా పుర్జాలు కడుగుతోంది. చప్పుడు విని జబ్బు చెప్తుంది. బోర్డు మీద భర్త పేరే. అడిగితే ఆమె కూడా "నేను మెకానిక్‌ను గాదక్కా, ఆయనకు ఆసరయిత అంతే" అంటుంది. సిరిసిల్లలో సాంచాల మీద ఎక్కువగా మగవాళ్ళు, కండెలు చుట్టేదీ బీడీలు చేసేదీ ఆడవాళ్ళు. యంత్రం ముందు నిలబడ్డవాడికి కార్మికుడన్న పేరు, పక్కన కూచున్నదానికి ఆసర అన్న పేరు. సింథియా కాక్‌బర్న్ 1983లో 'బ్రదర్స్'లో లండన్ పత్రికల కంపోజిటర్ల గురించి రాసింది కూడా ఇదే. నైపుణ్యం అన్న మాట పనిలోంచి పుట్టదు, ఎవరు చేస్తున్నారన్న దాన్నిబట్టి ఇవ్వబడుతుంది. మనం ఆ పుస్తకాన్ని చదువుతాం, మన వీధి చివరి షాపును చదవం.

మూడో ప్రశ్న న్యాయమైనది. ఇంకో చాకిరీ ఎందుకు? నా సమాధానం ఏమిటంటే, ఈ పని మనం ఎప్పుడూ చేస్తూనే ఉన్నాం. పంపు స్టవ్వు బర్నరులో పిన్ను పెట్టి మసి తీసిన మా అమ్మ చేసింది జెట్టు శుభ్రం చేయడమే. కుక్కరు గాస్కెట్టు ఎప్పుడు మార్చాలో, కుట్టుమిషనుకు ఎక్కడ చుక్క నూనె వేయాలో ఆమెకు తెలుసు. దాన్ని ఎవరూ యంత్రజ్ఞానం అనలేదు. పానా పట్టుకుంటే పనితనం, పిన్ను పట్టుకుంటే ఇంటిపని. పైగా ఇంటి చాకిరీ నన్ను ఇంట్లో ఉంచుతుంది. ఈ పని నన్ను ఇంటికి క్షేమంగా చేరుస్తుంది. టూ స్ట్రోక్ ఇంజనుకు నూనె పెట్రోలుతో కలిసి లోపల కాలిపోవాలి. ఈ బండిలో దానికి వేరే ట్యాంకు, చిన్న పంపు ఉన్నాయి. ఆ ట్యాంకు ఒకసారి అడుగంటితే గొట్టంలో గాలి చేరుతుంది. మళ్ళీ నింపినా, ఆ గాలి తీయకపోతే నూనె దిగదు. పిస్టను సిలిండరుకు పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుంటుంది. నిర్మల్ నుంచి ఆదిలాబాదు పోయే దారిలో మహబూబ్ ఘాట్ మలుపులో, చీకటి పడ్డాక, ఒంటరిగా అది జరిగితే ఏమవుతుందో మిమ్మల్నే ఊహించుకోమంటున్నాను. రాత్రిపూట ఒక స్త్రీ రోడ్డు పక్కన ఆగిపోవడం మన దగ్గర బండి సమస్య ఒక్కటే కాదు.

కాలంతోపాటు నేర్చుకోవలసినవీ మారుతున్నాయి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో మొదలై 2025 నాటికి దేశమంతా వచ్చింది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. ఆ కాలపు రబ్బరు గొట్టాలు, వాచర్లు దాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. అందుకని వారాల తరబడి బండి తీయకపోతే ట్యాపు కట్టేసి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి ఉంచుతాను. టూ స్ట్రోక్ పొగ మంచిది కాదనీ ఒప్పుకుంటాను. ఆ పొగను నేను సమర్థించను. నూనె పంపు సరిగ్గా అమర్చి, సైలెన్సరులో మసి దులిపి తగ్గించగలిగినంత తగ్గిస్తాను. దూరాలకు బస్సెక్కుతాను.

ఇరవై ఏళ్ళుగా మన పత్రికల ముఖచిత్రాల మీద స్కూటీ మీద పోయే అమ్మాయి మన స్వేచ్ఛకు గుర్తుగా ఉంది. మన కవితల్లో రెక్కలకు, ఆకాశానికి లోటు లేదు. ఆ స్కూటీ ఆగిపోతే ఏమవుతుందో మనం రాయలేదు. నడపడం వరకు సమాజం ఒప్పుకుంది, ఎందుకంటే నడిపే స్త్రీ వల్ల ఇంటికి కూరగాయలొస్తాయి, పిల్లలు బడికి పోతారు, జీతం వస్తుంది. విప్పి చూసే స్త్రీని ఇంకా ఒప్పుకోలేదు. గల్ఫ్‌కు మగవాళ్ళను పంపిన మా జిల్లా ఊళ్ళలో ఆడవాళ్ళు రాత్రిపూట బావి దగ్గరికి పోయి మోటారు వేస్తున్నారు. అది కాలిపోతే మళ్ళీ ఎవరినో బతిమాలుకోవాలి. అడిగే అవసరాన్ని సొమ్ము చేసుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, డబ్బు రూపంలోనే కాదు.

అందుకని నావి కొన్ని ప్రతిపాదనలు. వచ్చే రచయిత్రుల సమావేశంలో ఒక పూట పుస్తకాలు పక్కన పెట్టి ఒక బండి విప్పుదాం. ఆ చెల్లెను పిలుద్దాం, ఉపన్యాసకులకు ఇచ్చే పారితోషికమే ఆమెకూ ఇద్దాం. బాలికల ఐటీఐ అనగానే కుట్టు, కంప్యూటర్ గుర్తొచ్చే పరిస్థితి మీద మహిళా అధ్యయన విభాగాలు పని చేయాలి. మన హాస్టళ్ళలో ప్రతి అంతస్తులో ఒక పానాల డబ్బా ఉండాలి.

నా మిత్రురాలికి వేరే ఆహ్వానం. ఈ ఆదివారం కరీంనగర్ రా. నీ స్కూటరు ఆర్నెల్లుగా మూలన పడి ఉందని నువ్వే చెప్పావు. దాన్ని కూడా వ్యానులో వేయించి పంపు. పాత చీర కట్టుకొని రా. ముందు ప్లగ్గు ఊడదీద్దాం.