లైఫ్ సర్టిఫికెట్ నెలలో వచ్చే ఫోన్

నవంబరు అంటే పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ నెల. రాయపూర్‌లో రైల్వే ఉద్యోగం చేసి అక్కడే స్థిరపడ్డ తెలుగువారికీ అంతే. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చాక, 2021లో ఫోన్‌కు ముఖం చూపిస్తే సరిపోయే వీలు కలిగాక, మోకాళ్ల నొప్పులతో బ్యాంకు మెట్లెక్కే అవస్థ చాలామందికి తప్పింది. అది నిజమైన మేలు. అయితే పని ఫోన్‌లోనే అయిపోతుందని అందరికీ తెలియడం వల్లే మోసగాడి మాటకూ బలం వచ్చింది.

"పెన్షన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, పెన్షన్ ఆగిపోతుంది" అని హిందీలో మర్యాదగానే మొదలుపెడతాడు. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, రిటైరైన తేదీ, ఖాతా నంబరు తనే చదివి వినిపిస్తాడు. ఇన్ని తెలిసినవాడు ఆఫీసువాడు కాక ఇంకెవరనిపిస్తుంది. చివరికి అడిగేది ఓటీపీ ఒక్కటే.

కొత్త నంబరైతే ఎత్తొద్దని పిల్లలు చెబుతారు. ఒంటరిగా ఉండే పెద్దలకు ఆ సలహా కొంత రక్షణే. కానీ ఆసుపత్రి నుంచో, నిజంగా బ్యాంకు నుంచో వచ్చే ఫోన్ కూడా కొత్త నంబరు నుంచే రావచ్చు. బ్యాంకులు సేవలకు సంబంధించిన కాల్స్‌ను 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మంచి ఏర్పాటే. అయినా 1600 కనపడితే చాలు, అన్నీ చెప్పేయొచ్చనే ధీమా పెరిగితే అదీ ప్రమాదమే.

ఇక నష్టం ఎవరిది? 2017 జులై నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, ఖాతాదారు తానే రహస్య వివరాలు చెప్పి ఉంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయిన సొమ్ము నష్టం అతనిదే. జాగ్రత్త నేర్పడానికి ఇది అవసరమని కొందరంటారు. ఆ మాటను తోసిపుచ్చలేం. కానీ తన వివరాలు మోసగాడి చేతికి ఎలా చేరాయో ఆ పెన్షనరుకు తెలియదు. ఆ లీకులో అతని తప్పు లేకపోవచ్చు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు నుంచి, మోసపోయి తమ చేతులతోనే డబ్బు పంపినవారికి సైతం బ్యాంకులు ఒక పరిమితి మేరకు తిరిగి చెల్లించాలి. అలా చేస్తే జనం అజాగ్రత్తగా ఉంటారనే వాదన అక్కడా ఉంది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు దాటిపోకుండా ఆపే అవకాశం ఉంటుంది. దీనికీ ఒక మూల్యం ఉంది: ఆ సొమ్ములో కొంత ఏ కిరాణా కొట్టుకో చేరితే, ఏమీ ఎరగని ఆ వ్యాపారి ఖాతా కూడా స్తంభించవచ్చు. మొత్తం ఖాతాను కాకుండా వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపాలని కేరళ హైకోర్టు 2023లో చెప్పిన మాట సబబుగా తోస్తుంది. వేగం తగ్గదు, నిర్దోషి కొట్టు మూతపడదు.

అసలు డబ్బే పోకుండా ఉండాలంటే ఫోన్ ఎత్తడం మానక్కర్లేదు, అందులో వివరాలు చెప్పడం మానాలి. పెట్టేసి, పాస్‌బుక్ మీదున్న నంబరుకు మనమే చేయాలి. దీనివల్ల నిజమైన పని ఒక పూట ఆలస్యం కావచ్చు, ఆ ఇబ్బంది భరించదగ్గదే. పిల్లలకు ఒక మనవి: ఓటీపీ చెప్పేశానని నాన్న అంటే ముందు తిట్టకండి. తిట్టుకు భయపడి దాచిన గంటలోనే డబ్బు చేతులు మారుతుంది. ముందు 1930కి చేయండి, తర్వాత బ్యాంకుకు.