ఐదేళ్లు దాచిన లొసుగు

అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ డైరెక్టర్ గారికి,

2017 మే 12న బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కంప్యూటర్లు బిగుసుకుపోయాయి. 300 డాలర్ల బిట్‌కాయిన్ కడితేనే ఫైళ్లు తెరుచుకుంటాయని తెర మీద బెదిరింపు. డాక్టర్లు కాగితం, కలం పట్టారు. ఐదు ప్రాంతాల్లో అత్యవసర రోగులను వేరే ఆసుపత్రులకు మళ్లించారు. ఆ వారంలో 19,000కు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయన్న అంచనాను ఆ దేశ ఆడిట్ సంస్థ తన నివేదికలో పేర్కొంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ చిత్తూరు, కృష్ణా, గుంటూరు తదితర జిల్లాల్లో పోలీసుల కంప్యూటర్లు వానాక్రై అనే అదే బెదిరింపు ప్రోగ్రామ్ బారిన పడ్డాయి.

దాన్ని వదిలింది ఉత్తర కొరియా అని మీ ప్రభుత్వం ప్రకటించింది. కానీ దానికి కాళ్లిచ్చింది మీ దగ్గర తయారైన ఎటర్నల్‌బ్లూ అనే సైబర్ ఆయుధం. విండోస్ యంత్రాలు ఫైళ్లు పంచుకునే చోట ఉన్న లొసుగును పట్టుకుని, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే అది యంత్రం నుంచి యంత్రానికి పాకింది. ఆ లొసుగును మీరు ఐదేళ్లకు పైగా వాడుకున్నారనీ, ఆయుధం దొంగలపాలయ్యాకే మైక్రోసాఫ్ట్‌కు చెప్పారనీ వాషింగ్టన్ పోస్ట్ రాసింది. మార్చి 14న మరమ్మతు వచ్చింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే హ్యాకర్ల ముఠా ఆయుధాన్ని బయటపెట్టింది.

మధ్యలో మిగిలింది నెల రోజులు! హెచ్చరికలు వచ్చినా అప్‌డేట్ చేసుకోని ఆసుపత్రుల తప్పు కూడా ఉంది. అయితే స్కానింగ్ యంత్రానికి తగిలించిన పాత విండోస్‌ను నెలలో మార్చడం ఏ ఆసుపత్రికైనా తలకు మించిన పని.

జూన్ 27న రష్యా సైనిక గూఢచారులు ఉక్రెయిన్ మీద నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రామ్‌ను ప్రయోగించారు. అందులోనూ ఎటర్నల్‌బ్లూయే. చెర్నోబిల్‌లో రేడియేషన్‌ను మనుషులే కొలవాల్సి వచ్చింది. ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో మెర్స్క్ నౌకా సంస్థ టెర్మినల్ స్తంభించింది. మొత్తం నష్టం 1,000 కోట్ల డాలర్లని వైట్‌హౌస్ అంచనా.

దొరికిన లొసుగుల్లో 91 శాతం తయారీదారులకు చెప్పేస్తున్నామని 2015లో మీ సంస్థే అంది. పేచీ అంతా మిగతా 9 శాతంతోనే. ఏది చెప్పాలి, ఏది దాచాలి అని తేల్చే పద్ధతిని వైట్‌హౌస్ 2017 నవంబరులో ప్రచురించింది. ఆ పత్రం ప్రకారం, నిర్ణయం తీసుకునే బోర్డులో సీఐఏ ఉంది, రక్షణ శాఖ ఉంది, కార్యదర్శి బాధ్యత మీదే. ఆరోగ్య శాఖ పేరు మాత్రం సభ్యుల జాబితాలో లేదు. దెబ్బతిన్నది ఆసుపత్రులు, మాట చెల్లనిది వాటికే.

2020 జనవరిలో విండోస్ 10 లోపాన్ని మీరే మైక్రోసాఫ్ట్‌కు చెప్పి, చెప్పామని బహిరంగంగా ప్రకటించారు. అది మంచి పని. దాన్నే నియమం చేయండి. ఆసుపత్రులు, కరెంటు గ్రిడ్లు, రేవులు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఏ లొసుగునైనా ఎన్నాళ్లు దాచవచ్చో గడువు పెట్టండి. గడువు దాటినవి ఎన్ని ఉన్నాయో ఏటా ప్రకటించండి. ఆ బోర్డులో ఆరోగ్య శాఖకు కుర్చీ వేయించండి.