విప్పి, తుడిచి, తిరిగి పలికించి

చర్చిలోని పైపు ఆర్గన్ భక్తులకు వాద్యం. మావంటి ఇంజనీర్లకు అది గాలితో నడిచే మహాయంత్రం. తిత్తులు నింపిన గాలి చెక్కపెట్టెలలో ఒత్తిడితో నిలిచి ఉంటుంది. వాద్యకారుడు మెట్టు నొక్కగానే కవాటం తెరుచుకొని, ఆ గాలి గొట్టంలో ప్రవేశించి స్వరమవుతుంది. ఒకే రకపు గొట్టాలలో పొడవు పెరిగినకొద్దీ స్వరం మంద్రమవుతుంది. పారిస్ నగరంలోని నోత్రదామ్ చర్చి ఆర్గన్‌లో ఇటువంటి గొట్టాలు దాదాపు 8,000 ఉన్నాయి. అతి పెద్దవాటి పొడవు సుమారు 10 మీటర్లు.

ఈ వాద్యం ఒక్కనాటిది కాదు, ఒక్కరి కృషీ కాదు. 1733లో ఫ్రాంస్వా తియెరీ దీనిని పునర్నిర్మించాడు. అదే శతాబ్దంలో క్లికో మెరుగుపరచాడు. 1868లో అరిస్తీద్ కవాయే-కోల్ దాదాపు కొత్త వాద్యంగా మలచినప్పటికీ, పూర్వులు చేసిన గొట్టాలను అనేకం పారవేయక తన నిర్మాణంలో కలుపుకొన్నాడు.

2019 ఏప్రిల్ 15న ఆ చర్చి పైకప్పు, శిఖరం అగ్నికి ఆహుతి అయ్యాయి. ఆర్గన్ మాత్రం కాలలేదు. మంటలార్పిన నీరు కూడా దానిని అంతగా తాకలేదు. అయితే పైకప్పు మీది సీసపు రేకుల నుండి లేచిన ధూళి దానిని కప్పివేసింది. సీసం విషపదార్థం. పైపైన తుడిచి సరిపెట్టుకొనే వీలు లేదు. కనుక 2020 ఆగస్టులో విప్పడం ప్రారంభించి, డిసెంబరులో ఆ పని ముగించారు. గొట్టాలను కార్మికశాలలకు తరలించి శుభ్రపరచి, మరల తెచ్చి అమర్చారు.

అటుపిమ్మట శ్రుతి చేయడమే నెలల తరబడి సాగింది. పగలు చర్చిలో నిర్మాణపు పనుల చప్పుడు. అందుచేత నిపుణులు రాత్రివేళ నిశ్శబ్దంలో, ఒక్కొక్క గొట్టాన్నే చెవితో విని సరిచేశారు. 2024 డిసెంబరు 7న, చర్చి తిరిగి తెరిచిన సాయంకాలం, ఆర్చిబిషప్ మేలుకొమ్మని పిలువగా, ఐదేళ్ళకు పైబడిన మౌనం వీడి ఆర్గన్ బదులు పలికింది.

కాలిపోయినదానిని బాగుచేయడానికి ఎవరూ అడ్డుచెప్పరు. చెక్కుచెదరనట్లు కనిపించేదానిని విప్పుదామనడానికే ధైర్యం కావాలి. "నడుస్తున్న యంత్రాన్ని కదిలించడమెందుకు?" అని షట్‌డౌనుకు ముందు మేమూ పలుమార్లు వాదించినవారమే. మూత తెరిచి లోపలి సంగతి చూసిన తరువాత మాట్లాడలేకపోయిన సందర్భాలూ మాకు ఉన్నాయి.