సన్నగా ఉంటే చాలునా? కొవ్వు కణం చెప్పే సాక్ష్యం

హనుమకొండలో ఏ కూడలికి పోయినా ఏదో ఒక గోడ మీద ఆ ప్రకటన కనిపిస్తుంది: నెల రోజుల్లో కొవ్వు కరిగిస్తాం. ఈ మాట వెనుక రెండు నమ్మకాలు దాగి ఉన్నాయి. ఒకటి, కొవ్వు అంటే ఒంట్లో పేరుకుపోయిన మలినం. రెండు, దానిని వదిలించుకోలేనివాడు సోమరి, తిండిపోతు. రెండూ అబద్ధాలే. ఇవి ప్రకటనలవాళ్ళ అబద్ధాలు మాత్రమే అయితే నేనింత శ్రమ పడేవాణ్ణి కాదు. తెల్లకోటు వేసుకున్న మేమే వీటిని రోగుల చెవుల్లో నూరిపోశాము. ఈ వ్యాసం అందుకే.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. సుమారు ముప్పై ఏళ్ళ కిందట ఒక నడివయసు స్త్రీ నా ఓపీకి వచ్చేది. చేతులు, కాళ్ళు సన్నగా, కండలు తేలి, నరాలు ఉబ్బి కనిపించేవి. ముఖం, మెడ మాత్రం నిండుగా ఉండేవి. బరువు చూస్తే ఏ తప్పూ పట్టలేము. షుగర్ మాత్రం ఏ మోతాదుకూ లొంగేది కాదు. క్లోమగ్రంథి వాచి రెండుసార్లు ఆస్పత్రిలో చేరింది. పరీక్షకు తీసిన రక్తంలో పైభాగం పాలలాగా తెల్లగా తేలేది. "చాటుగా మిఠాయిలు తింటున్నావా?" అని నలుగురి ముందు గద్దించాను. ఆమె తల వంచుకుని, "లేదు సారూ, మా అమ్మకు గూడ గిట్లనే ఉండె" అన్నది. రోగ నిర్ధారణకు దారి ఆ ఒక్క మాటలోనే ఉంది. నేను వినలేదు.

ఇటువంటి లక్షణాలున్న జబ్బును 1974లోనే స్కాట్లండ్‌లో డనిగన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వర్ణించారు. దీన్ని పాక్షిక లైపోడిస్ట్రఫీ అంటారు. యుక్తవయసు దాకా పిల్ల మామూలుగానే ఉంటుంది. ఆ తరువాత చేతులు, కాళ్ళు, పిరుదుల నుంచి కొవ్వు తరిగిపోతుంది. ముఖంలో, మెడలో చేరుతుంది. వెంట మధుమేహం, ట్రైగ్లిసరైడ్ల విజృంభణ, కాలేయానికి కొవ్వు పట్టడం వస్తాయి. తల్లికి గాని తండ్రికి గాని ఉంటే బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం. కారణం 2000లో తేలింది: లామిన్ ఏ అనే ప్రోటీన్‌లో, ఎక్కువ కుటుంబాలలో 482వ స్థానంలో, ఒకే ఒక అమైనో ఆమ్లం మారడం.

ఈ లామిన్ ఉండేది కొవ్వు బిందువులో కాదు, కణకేంద్రకపు గోడలో. మన ఓరుగల్లు కోటకు బయట మట్టి గోడ, లోపల రాతి గోడ ఉన్నట్టే కేంద్రకానికి కూడా రెండు పొరల త్వచం ఉంటుంది. లోపొరను ఆనుకుని లామిన్లు వలలాగా అల్లుకుని ఉంటాయి. ఈ గోడ కాపలాకు మాత్రమే అని మా విద్యార్థి దశలో అనుకునేవాళ్ళం. అది పొరపాటు. ఏ జన్యువు పలకాలి, ఏది మౌనంగా ఉండాలి అన్న నిర్ణయంలో దానికీ పాత్ర ఉంది.

ఉదాహరణకు ఎమెరిన్ అనే ప్రోటీన్ ఆ లోపొరలో ఉంటుంది. బీటా కాటెనిన్ అనే మరో ప్రోటీన్ కేంద్రకంలో పేరుకుంటే, లేతకణం కొవ్వు కణంగా మారకుండా అడ్డుపడుతుంది. దానిని బయటికి పంపడంలో ఎమెరిన్ సాయపడుతుంది. ఎమెరిన్ లేని కణాలలో బీటా కాటెనిన్ లోపలే ఉండిపోయి, కొవ్వు కణాలు సరిగా తయారు కావు. అలాగే కొవ్వు తయారీ జన్యువులను నడిపే ఎస్‌ఆర్‌ఈబీపీ-1 అనే ప్రోటీన్ లామిన్ ఏతో జతకూడుతుంది. పైన చెప్పిన మార్పు ఆ బంధాన్ని సడలిస్తుంది. ఇదే లామిన్ జన్యువులో వేరొకచోట మార్పు వస్తే బాల్యంలోనే ముసలితనం ముంచుకొచ్చే ప్రొజీరియా వస్తుందని 2003లో తెలిసింది. ఆ పిల్లలకూ చర్మం కింది కొవ్వు ఉండదు. ఇదంతా పరదేశపు వింత అనుకోకండి. హైదరాబాదులోని సీసీఎంబీలో వీణా పర్నాయక్ బృందం లామిన్ల మీద, కండర కణాల పరిణతిలో వాటి పాత్ర మీద ఏళ్ళ తరబడి పనిచేసింది.

ఇప్పుడు చెప్పండి, కేంద్రకపు గోడలో తేడా ఉన్న మనిషిని నోరు కట్టుకోలేదని నిందించడం వైద్యమా?

కొవ్వు కణజాలం మన ఇంటి గాదె వంటిది. గాదె చెడిపోతే పంట ఆగదు. వడ్లు వాకిట్లో, వంటింట్లో పడి ముక్కిపోతాయి. అలాగే చోటు దొరకని కొవ్వు కాలేయంలో, కండరాలలో చేరి ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు. కొవ్వు ఎక్కువైనా, కొవ్వుకు చోటు కరువైనా మనిషి చేరేది ఒకే జబ్బుకు.

"అరుదైన జబ్బు గురించి ఇంత గొడవెందుకు?" అని మీరడగవచ్చు. జబ్బు అరుదైనదే, అది చెప్పే సూత్రం మాత్రం ఇంటింటిదీ. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి శరీరాలనే పోల్చి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఇద్దరి బీఎంఐ 22.3. శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం! దీనికి లామిన్ లోపం కారణమని నేననడం లేదు. బరువు కాటా మనిషి లోపలి సంగతి చెప్పదని అంటున్నాను. 2023లో ప్రకటించిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో మధుమేహులు 10.1 కోట్లని అంచనా వేసింది. వారిలో సన్ననివారికి కొదువ లేదు.

"తిండిపోతులకు సాకు చెబుతున్నావు" అనేవారూ ఉంటారు. కాదు. మితాహారం, నడక ఈ జబ్బులోనూ చికిత్సకు పునాదులే. నా తగవు పథ్యంతో కాదు, నిందతో. నింద పడ్డ రోగి మందు మానడు, ఆస్పత్రికి రావడమే మానేస్తాడు. ఇక కరిగించే పొడులవారికి ఒక్క మాట: పెద్దయ్యాక మన కొవ్వు కణాల సంఖ్య దాదాపు స్థిరంగా ఉంటుందని, ఏటా పదో వంతు కణాలు పోయి కొత్తవి వస్తాయని 2008లో తేలింది. బరువు తగ్గితే కణం కుంచించుకుపోతుంది గాని మాయం కాదు.

కనుక మీరు చేయవలసినది ఇది. కాటాతో పాటు టేపు తీసుకుని నడుము కొలవండి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. ఇంట్లో సన్నటి కాళ్ళూచేతులతో, లొంగని షుగర్‌తో, ఎక్కువ ట్రైగ్లిసరైడ్లతో ఒకరికి మించి ఉంటే ఆ సంగతి డాక్టరుకు నోరు తెరిచి చెప్పండి. లామిన్ మార్పులు గుండెనూ తాకవచ్చు గనుక ఈసీజీ అడగండి. యువ వైద్యులారా, రోగి చొక్కా చేతులు పైకి మడిచి చూడండి, తల్లిదండ్రుల గురించి అడగండి. దానికి ఖర్చేమీ లేదు. ప్రభుత్వం కూడా జన్యు పరీక్షను పేదవానికి ఉచితంగా అందుబాటులోకి తేవాలి.

"మా అమ్మకు గూడ గిట్లనే ఉండె" అన్న ఆ తల్లికి నేను క్షమాపణ చెప్పుకోలేకపోయాను. ఆమెకు బిడ్డలున్నారు. వారిలో ఎవరైనా ఈరోజు ఏ ఓపీ వరుసలోనో నిలబడి ఉండవచ్చు. ఆ బల్ల వెనుక కూర్చున్న డాక్టరు ఈసారైనా వినాలి.